సర్కారు గోలీలు, బయటి గోలీలు

మోండా మార్కెట్లో బాలమ్మతో బేరమాడేవాళ్లు తక్కువ. తడిగోనె మీద కొత్తిమీర, పుదీన, పాలకూర కట్టలు పరిచి కూర్చున్న ఆమె ఒకసారి ధర చెప్పాక రెండోమారు అడిగినవారిని పైనుంచి కిందికి చూస్తుంది. ఆ చూపు పడ్డాక మూడోమారు అడిగినవారు లేరు. ఈ కోపం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, సంసారం నేర్పింది. కల్లు కంపౌండులో పొద్దంతా గడిపే మొగుణ్ని ఇంటికి లాక్కురావడానికీ, ఇద్దరు ఆడపిల్లలను చదివించి ఓ ఇంటివాళ్లను చేయడానికీ ఆమె దగ్గర వేరే ఆయుధం లేకపోయింది. అవసరం తీరాక కూడా ఆ ఆయుధం చేతిలోనే మిగిలిపోయింది.

ఆ ఉదయం మార్కెట్లో గిరాకీ మంచి జోరు మీద ఉండగా ఫోను మోగింది. కాప్రాలోని అపార్ట్‌మెంటు నుంచి రామభద్రరావు. రిటైరైన ఇంజనీరు, అక్కడి కమిటీకి సెక్రటరీ. బాలమ్మ భర్త పర్వతాలు ఆ అపార్ట్‌మెంటుకు పగటిపూట వాచ్‌మన్.

"చూడమ్మా బాలమ్మా, మీ ఆయన గేటు దగ్గర తూలిపోతున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. పిల్లలు స్కూలు బస్సెక్కే వేళ ఇదేం పని? మీరొచ్చి తీసుకెళ్లండి."

"తాగిండా సారూ?"

"నేను వాసన చూడలేదమ్మా. తూలేవాణ్ని చూస్తే తెలీదా?"

బాలమ్మ కట్టలను పక్కావిడకు అప్పగించింది. బస్సులో ఆమెకు సీటు దొరికినా కూర్చోలేదు. పర్వతాలు కల్లు మానేసిన రోజు ఆమెకు బాగా గుర్తు. చిన్న కూతురి పెళ్లిచూపుల ముందు రోజు అతడు కల్లు ముట్టనని కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. అయితే మానేసిన మూడోనాడే ఫిట్స్ వచ్చి వాకిట్లో పడిపోయాడు. వాళ్లు తాగే కల్లులో చెట్టు నుంచి దిగింది కొంచెమేననీ, మిగిలింది నిద్రమాత్రల పొడేననీ, దానికి అలవాటుపడ్డ ఒళ్లు ఒక్కసారిగా మానేస్తే ఇలాగే కొట్టుకుంటుందనీ దవాఖానలో చెప్పారు. ఫిట్స్ మళ్లీ మళ్లీ రావడంతో గోలీలు రాశారు. ఒక్క పూట కూడా తప్పించవద్దన్నారు.

ఆ ఒక్క ముక్కనూ బాలమ్మ శాసనంగా పట్టుకుంది. గోలీల సంచి ఆమెదే. పొద్దున చాయ్‌కి ముందొకసారి, రాత్రి అన్నం తర్వాత ఒకసారి గోలీలు అతడి అరచేతిలో వేసి, మింగేదాకా ఎదురుగా నిలబడి, తర్వాత "నోరు తెరువు, నాలుక లేపు" అనేది. అతడు లేపేవాడు. తాగుబోతును నమ్మి చాలా పోగొట్టుకున్న మనిషి ఆమె. నాలుక కింద చూడకుండా ఎలా నమ్ముతుంది?

కాప్రా గేటు దగ్గర పర్వతాలు మెట్టు మీద కూర్చున్నాడు. అతడి ప్లాస్టిక్ కుర్చీని ఎవరో లోపల పెట్టేశారు. పనిమనుషులిద్దరు, ఇస్త్రీ బండి అతను, పాలవాడు నిలబడి చూస్తున్నారు. బాలమ్మ వెళ్లి అతడి గడ్డం పట్టుకొని ముఖం పైకెత్తింది.

"ఊదు."

"బాలమ్మా, నేను తాగలే."

"ఊదుమన్న!"

అతడు ఊదాడు. వాసన లేదు. ఆమె కోపం తగ్గకపోగా పెరిగింది. "వాసన రాకుంట తాగుడు సుత నేర్చినవా? ఇప్పటి కల్లుకు వాసన ఏడుంటది, అంత పౌడరే కదా! బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టినవు కదరా, సిగ్గు లేదా?"

పాలవాడు కిసుక్కున నవ్వాడు. పర్వతాలు లేవబోయి గేటు ఊచ పట్టుకున్నాడు. "ఒట్టు... నేను తా..." అన్నాడు. నాలుక తిరగలేదు. ఆ తిరగని నాలుకే అతడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది.

రామభద్రరావు కిందికి దిగివచ్చాడు. మంచి మనిషే. గొంతు పెంచలేదు.

"నాకు వ్యక్తిగతంగా కోపమేం లేదమ్మా. కానీ కమిటీ వాళ్లు ఊరుకోరు. వేరే మనిషిని మాట్లాడుతున్నారు. తాగలేదని డాక్టరెవరైనా చెబితే అది వేరే సంగతి, నేను వాళ్లతో మాట్లాడతాను. లేకపోతే ఇక నేనేం చేయలేను."

"చెప్పిపిస్త సారూ," అంది బాలమ్మ. "తాగిండని చెప్పిపిస్త. మల్ల ఈయన నోట అబద్ధం రావద్దు."

అతడి ఉద్యోగం కోసం కాదు, అతడి అబద్ధాన్ని పట్టుకోవడం కోసమే ఆమె దవాఖానకు పోదలచింది. ఆ రాత్రి బన్సీలాల్‌పేట్‌లోని ఒంటిగది ఇంట్లో అతడి అరచేతిలో గోలీలు మామూలు కంటే గట్టిగా పడ్డాయి. ఒకటి ఎర్రగీతల షీటులోది, ఒకటి తెల్ల షీటులోది.

"బాలమ్మా, ఈ గోలీలు ఎక్కువైతున్నయేమో. మింగినంక తల తిరుగుతుందే."

"గోలీలు ఎక్కువైతలేవు. నీకు వేషాలు ఎక్కువైతున్నయ్. మింగు."

మింగాడు. నాలుక లేపాడు.

సర్కారు దవాఖానలో మందు చేతికి రావడానికి ఒక వరుస ఉంది. ముందు ఓపీ చిట్టీ లైను. తర్వాత డాక్టరు గది ముందు లైను. పాత రోగమే అయితే డాక్టరు ముఖం ఎత్తకుండానే పాత చిట్టీ మీద 'అవే మందులు' అని రాసి సంతకం పెడతారు. ఆపైన మందుల కిటికీ. చెయ్యి మాత్రమే పట్టే ఆ అర్ధచంద్రపు సందులోంచి గోలీల షీట్లు బయటికి జారతాయి. కిటికీ వెనక బాబూరావు స్కెచ్ పెన్నుతో షీటు మీద గీతలు గీస్తాడు: పొద్దుటికి పై గీత, రాత్రికి కింది గీత. స్టాకు లేని మందు దగ్గర 'బయట' అని రాస్తాడు. ఆ పదం ఒక్కటే బస్తీలో చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టే రాత.

అందుకే బస్తీలో అందరికీ ఒక లెక్క స్థిరపడింది. సర్కారు సగం ఇస్తుంది, మిగిలిన సగం బయట కొనుక్కోవాలి. రెండూ కలిస్తేనే మందు. బీపీ గోలీ కిటికీలో దొరుకుతుంది, షుగరు గోలీ బయట. ఎముకల గోలీ కిటికీలో, గ్యాసు గోలీ బయట. చాలామందికి చాలాసార్లు ఆ లెక్క నిజమే.

వానాకాలంలో కిటికీలో ఫిట్స్ గోలీలు అయిపోయాయి. 'బయట' అన్నారు. బాలమ్మ చిట్టీ తీసుకొని తమ గల్లీ మలుపులోని రాజేందర్ మెడికల్ షాపుకు పోయింది. అతడు ఎర్రగీతల షీటు ఇచ్చాడు. ఆ తర్వాత చిట్టీతో పని పడలేదు. ఖాళీ షీటు చూపిస్తే రాజేందర్ కత్తెరతో వారానికి సరిపడా ముక్క కోసి ఇచ్చేవాడు. బస్తీలో అందరూ చేసేది అదే. చిట్టీ నలిగిపోతుంది, ఖాళీ షీటు నలగదు. పోయిన నెల దవాఖానకు వెళ్లినప్పుడు కిటికీలోంచి తెల్ల షీట్లు వచ్చాయి. ఇవి కొత్తవి.

"సారూ, ఇవేం గోలీలు?"

"రాసింది రాసినట్టిచ్చిన. జరుగమ్మా. నెక్స్ట్!"

సర్కారు ఇప్పుడు కొత్తగా తన సగం ఇచ్చిందని బాలమ్మ అనుకుంది. బయటి సగాన్ని మానలేదు. ఎలా మానుతుంది? ఒక్క పూట తప్పించవద్దన్నారు కదా.

కాప్రాకు పోయివచ్చిన మర్నాడు ఓపీలో కూర్చున్నది శ్రీలేఖ అనే చిన్న వయసు డాక్టరు. బాలమ్మ మొగుణ్ని స్టూలు మీద కూలేసి, తాను కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మేడం, ఈయన తాగిండా లేదా చెప్పుండ్రి. గొట్టంల ఊదిపిస్తరో, నెత్తురు తీస్తరో మీ ఇష్టం. నాకు నిజం గావాలె."

డాక్టరు అతడి ముఖం ముందు వేలు పెట్టి అటూ ఇటూ కదిపింది. వేలిని వెంబడిస్తూ అతడి కనుగుడ్లు చివరిదాకా పోయి, అక్కడ నిలవలేక టకటకా కొట్టుకున్నాయి. లేచి నడవమంది. రెండడుగులకే గోడ పట్టుకున్నాడు.

"ఏ మందులు వాడుతున్నారు?"

"మీరు రాసినయే."

"ఉన్నాయా మీ దగ్గర?"

బాలమ్మ సంచిలోంచి రెండు షీట్లు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు ఒకదాన్ని వెనక్కి తిప్పింది. రెండోదాన్ని తిప్పింది.

"ఈ రెండూ ఇస్తున్నారా? రోజూ?"

"ఇస్తున్న మేడం. పొద్దుగాల రెండు, రాత్రి రెండు. ఒక్క పూట తప్పలే. నాలుక లేపించి చూస్త." ఆ మాటలో గర్వం ఉంది.

"అమ్మా, ఈ రెండూ ఒకటే మందు. ఫెనిటాయిన్. కంపెనీలు వేరు, అంతే. ఆయనకు రోజూ రెండింతలు పడుతోంది. ఈ మందు ఎక్కువైతే మనిషి తూలతాడు, మాట ముద్దగా వస్తుంది, కళ్లు తిరుగుతాయి. తాగినవాడిలాగే కనబడతాడు. ఆయన తాగలేదు. రక్తంలో మందు ఎంతుందో చూపిస్తాను కానీ, నాకు అనుమానం లేదు."

బాలమ్మ షీట్ల వైపు చూసింది. "గదెట్ల మేడం? గిది ఎర్రగుంది. గిది తెల్లగుంది."

"రంగు చూసి కాదమ్మా. వెనకాల చిన్న అక్షరాల్లో మందు పేరుంటుంది. చదవడం రాకపోతే ఎవరినైనా అడగాల్సింది."

ఎవరినైనా. ఆ మాట విన్నాక బాలమ్మలో ఏదో పుటుక్కున తెగింది.

"ఎవలను అడగాలె మేడం? కిటికీల అడిగిన, జరుగుమన్నడు. మెడికల్ షాపుల ఖాళీ షీటు చూసి గదే కోసి ఇచ్చిండు. ఈడ మీ గదిల అడుగుదామంటే మీరు మొకమెత్తరు. చిట్టీ మీద గీకి పంపుతరు. పోయిన నెల ఇదే కుర్చీల కూసున్నోళ్లు ఈ మనిషిని చూసిన్రా? ఇంట్ల ఇంకేం గోలీలున్నయ్ అని ఒక్క ముక్క అడిగిన్రా? నేను ఎర్రది చూపిస్తుంటి కదా! ఇన్ని దినాలు నా చేతులతోని నా మొగనికి ఇసం పెట్టిన. నాలుక లేపించి మరీ పెట్టిన!"

శ్రీలేఖ పాత చిట్టీని తన వైపు తిప్పుకుంది. పోయిన నెల తేదీ కింద 'అవే మందులు' అన్న రాత, దాని కింద సంతకం. అది తనదే. ఆమె చిట్టీని మడవలేదు, దాచలేదు. "సాయంత్రం దాకా ఇక్కడే మంచం మీద పడుకోబెడతాను," అంది నెమ్మదిగా. "ఇవాళ, రేపు గోలీ వద్దు. ఎల్లుండి నుంచి తెల్లవి మాత్రమే, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పూర్తిగా మాత్రం ఆపకండి, ఫిట్స్ తిరగబెడతాయి. కాప్రా వాళ్లకు నేను రాసిస్తాను."

వార్డులో మంచం మీద పర్వతాలు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. బాలమ్మ పక్కన నిలబడింది.

"తాగలేదని చెప్పిన," అన్నాడతడు.

ఆమె దుప్పటి అంచు సర్దింది.

"పాలోడు నవ్విండు. అందరి ముంగట ఊదుమన్నవ్."

"నాకేం ఎర్కనయ్యా..."

"నాకు ఎర్కుండె. తల తిరుగుతుందని చెప్పిన. నువ్వు యినలే." అతడు అటు తిరిగి పడుకున్నాడు.

అతడితో కొట్లాడితే బాగుండేదేమో. కొట్లాడడానికి ఆమె వైపు న్యాయం మిగల్లేదు. చోటు దొరకని కోపం కాళ్లను నడిపించింది. మందుల కిటికీ లైను మెలికలు తిరిగి వరండా చివరిదాకా పోయింది. బాలమ్మ చివర నిలబడింది. లైను తప్పలేదు, తప్పు తన వైపు ఉండకూడదని ఆ రోజు ఆమెకు పట్టుదల. తన వంతు వచ్చాక రెండు షీట్లనూ సందు ముందు పెట్టింది.

"చిట్టీ ఏది?" అన్నాడు బాబూరావు.

"చిట్టీ తర్వాత. ఈ రెండు ఏం గోలీలు?"

చూశాడు. "రెండూ ఒకటే. ఫెనిటాయిన్."

"ఈ ముక్క పోయిన నెల ఎందుకు చెప్పలే?"

"నువ్వు బయట కొన్నవని నాకు కల పడ్డదా?"

"బయట కొనుమని రాసింది నువ్వే కదా! రాసినోనికి ఎర్కుండదా? 'బయట' అని రాసుడు వచ్చు, 'ఇగ బయటిది బంద్ పెట్టు' అని చెప్పుడు రాదా?"

వెనక లైను కదిలింది. "ఓ అక్కా, నీ లొల్లి ఇంట్ల పెట్టుకో. మాకు డ్యూటీలున్నయ్," అన్నాడొకడు ఖాకీ చొక్కాతో. "జరుగు, జరుగు," అన్నారింకెవరో.

బాబూరావు కళ్లద్దాలు తీశాడు. అతడి ముఖం పీల్చుకుపోయి ఉంది. "అమ్మా, ఇద్దరు చేసే పని ఒక్కన్ని చేస్తున్న. ఒక్కొక్కలకు వివరం చెప్పుకుంట కూసుంటే ఈ లైన్ కదలదు. ఒక్క గంట ఈడ కూసుని చూడు నా తక్లీఫ్."

"నీ తక్లీఫ్ నీ పైవాళ్లకు చెప్పు. వాళ్ల తాన నువ్వు లొల్లి పెట్టు, నేను సుత వస్త. కానీ నువ్వు నోరు తెరవకుంటే ఈడ నా మొగడు తాగుబోతయిండు. నౌకరీ పోతుంది. లైన్ కదలకపోతే కదలకపోనియ్యి!" ఆమె వెనక్కి తిరిగింది. "ఏమన్నా, డ్యూటీ ఉన్నదంటివి. నీ సంచిల గోలీలు దేనికి మింగుతున్నవో నీకెర్కనా? చెప్పు, నేను జరుగుత."

ఖాకీ చొక్కా మనిషి సంచిలోకి చూసుకున్నాడు.

అప్పుడు అతడి వెనకనుంచి ఒక ముసలామె చెయ్యి చాచింది. "బిడ్డా, నాయి సుత చూడుమను. తెల్లగోలీ, పచ్చగోలీ. ఇంట్ల ఇస్తున్నరు, మింగుతున్న. ఒకటి బంద్ పెడుదునా?"

బాలమ్మ ఆ షీట్లు తీసుకొని సందులోకి తోసింది. బాబూరావు ఈసారి కళ్లద్దాలు పెట్టుకొని, షీట్లను వెనక్కి తిప్పి శ్రద్ధగా చూశాడు. ముసలామెకు వినబడేలా గొంతు పెంచాడు. "ఇవి రెండూ వేరు వేరు, అవ్వా. ఒకటి గుండెకు, ఒకటి బీపీకి. రెండూ మింగాలె. ఒక్కటి సుత ఆపొద్దు, ఆపితే పానం మీదికొస్తది."

రెండు రంగులుంటే ఒకటి మానేయండని బస్తీలో ఇంటింటికీ చెప్పాలని బాలమ్మ లైనులో నిలబడ్డంతసేపూ అనుకుంటూనే ఉంది. చెప్పి ఉంటే ఈ ముసలామె చచ్చేది. అంటే తనకు తెలిసింది కూడా తెలివి కాదు. ఒక షీటు గురించి తెలిసిన సంగతి ఇంకో షీటుకు పనికిరాదు. చెప్పాల్సినవాడు చెబితే తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు. ఆ దారిని అర్ధచంద్రపు సందంత చేసి పెట్టారు.

"ఇప్పుడు చెప్పినవ్ కదా," అంది బాలమ్మ. "ఎంతసేపు పట్టింది? గింత ముచ్చటే కదా!"

బాబూరావు అవ్వ షీట్లను సందులోంచి తిరిగి జరిపాడు. ఖాకీ చొక్కా మనిషి వంతు వచ్చినప్పుడు, "ఇది దేనికి సార్?" అని చిన్నగా అడిగాడు. బాబూరావు విసుగ్గానే చెప్పాడు. కానీ చెప్పాడు.

ఇంటికి పోతూ బాలమ్మ రాజేందర్ షాపు ముందు ఆగింది. సంగతి విని అతడు చేతులు తిప్పాడు. "వదినా, నువ్వు చిట్టీ చూపిచ్చినవా? ఖాళీ షీటు చూపిచ్చినవ్, నేను గదే ఇచ్చిన. ఇందుల నా గల్తీ ఏముంది?" అదీ నిజమే. ప్రతివాడి దగ్గరా ఒక నిజం ఉంది. ఆ నిజాలన్నీ కలిసి తన మొగుణ్ని గేటు మెట్టు మీద కూర్చోబెట్టాయి. ఎర్రగీతల షీటును ఆమె కౌంటర్ మీద విసిరికొట్టి వచ్చేసింది.

మాట తేరుకున్నాక, నడక నిలకడయ్యాక, ఇద్దరూ కాప్రాకు పోయారు. రామభద్రరావు డాక్టరు రాసింది చదివి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"అయ్యో, ఇంత జరిగిందా! కమిటీకి నేను చెబుతాను, రేపట్నుంచి రా. అయినా పర్వతాలూ, ఒంట్లో బాగోలేదని ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పిన సారూ," అన్నాడు పర్వతాలు, ప్రతి అక్షరమూ విడివిడిగా. "మాట తిరగకపాయె. మీకు తాగినట్టే వినబడ్డది."

రామభద్రరావు లోపలికి పోయి స్వయంగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గేటు పక్కన పెట్టాడు. పర్వతాలు అందులో కూర్చోలేదు. "రేపు కూసుంట," అన్నాడు.

ఆ రాత్రి అన్నం తిన్నాక బాలమ్మ అలవాటుగా సంచి విప్పింది. తెల్ల షీటులోంచి గోలీ నొక్కబోతుండగా అతడు చెయ్యి చాచాడు. గోలీ కోసం కాదు, షీటు కోసం.

"ఇటియ్యి."

"నేనిస్త కదా..."

"నా గోలీ నేను తీసుకుంట."

ఆమె ఇచ్చింది. అతడు షీటును దీపం వైపు ఎత్తి స్కెచ్ పెన్ను గీతలు చూశాడు. కింది గీతను బొటనవేలితో తడిమాడు. ఒక గోలీ నొక్కుకొని, నీళ్లు తాగి మింగాడు. షీటును తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆపైన ఆమె అడగకుండానే నోరు తెరిచాడు. నాలుక పైకి లేపాడు. అలాగే, ఆమె ముఖంలోకి చూస్తూ, దించకుండా నిలబడ్డాడు.

"చాలు," అంది బాలమ్మ.

అతడు దించలేదు.